రోజుకు మూడు కట్టలు

మా గడ్డివామును కొలుస్తానని నవనీత టీచర్ ఇరవై రెండు మంది పిల్లలతో మా వాకిట్లోకి వచ్చిన రోజున, ఆమెను నమ్మిన ప్రాణి మా ఇంట్లో ఒక్కటే. అది మా చిన్న బర్రె. వచ్చీ రాగానే ఆమె చీర కొంగు నోట్లో పెట్టుకుంది.

మిగతా వాళ్లం ఎవరి కారణంతో వాళ్లం అనుమానించాం. మా అత్తమ్మ సైదమ్మకు, వామును కొలిస్తే అందులో బర్కతు పోతుందని, ఉన్నది నిలవదని అనుమానం. మా ఆయన ఎల్లేష్‌కు, చేతిలో టేపు పట్టుకుని వచ్చేవాళ్లందరూ ఏదో ఒకటి కోసుకుపోవడానికే వస్తారని అనుమానం. నేను నల్లగొండలో బీఏ చదివినదాన్ని కాబట్టి నా అనుమానం కొంచెం చదువుకున్నది. పిల్లల్ని గడ్డి పక్కన నిలబెట్టి వీడియో తీసుకుని, ఫోనులో పెట్టుకుని, మాకు ఒళ్లు దురదలు మాత్రం మిగిల్చి పోతుందని.

అసలు మా వామే ఎందుకంటే, ఊళ్లో వాము అనేది అదొక్కటే మిగిలింది. పోచంపల్లి పక్కన కాలువ కింద ఊరు మాది. అందరూ మిషన్‌తో వరి కోయిస్తారు, ఇంకో మిషన్ గడ్డిని పెట్టెల్లా చుట్టి పారేస్తుంది, వాటి మీద నీలం పట్టా కప్పుతారు. మా అత్తమ్మ మాత్రం, మిషన్ నమిలిన గడ్డి బర్రెలు నమలవని, ఎకరన్నర చేతికోత కోయించింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, తనే వాము ఎక్కి తొక్కుతూ, కింద నుంచి అందించిన కట్టలను మొదళ్లు బయటికి, కొసలు లోపలికి పేర్చింది. కట్టిన వామును శివరాత్రి దాకా ఎవరూ ముట్టుకోవద్దు. అప్పటిదాకా బర్రెలకు జొన్న సొప్పే. అది ఆమె అత్తగారి నాటి నియమం.

"ఐదో తరగతి లెక్కల్ల వృత్తం వచ్చింది, అవ్వా. పుస్తకంల బొమ్మ చూపిస్తే పిల్లలకు సమజైతలేదు. మన ఊర్ల గుండ్రంగ ఉన్నది మీ వామొక్కటే," అంది టీచర్.

"మా ఎల్లేశుగాని పొట్ట లేదా? దాన్ని కొలుసుకోండ్రి."

పిల్లలు నవ్వారు. మా ఆయన లోపలికి వెళ్లిపోయాడు. టీచర్ నవ్వలేదు, అరుగు మీద కూర్చుంది. కూర్చున్న టీచర్‌ను లేపడం కష్టం. పావుగంట బేరం తరువాత అత్తమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది. వడ్లు కొలిచేటప్పుడు ఎట్లా లెక్కిస్తామో అట్లాగే లెక్కించాలి, మొదటి కట్టను "ఒకటి" అనకూడదు, "లాభం" అనాలి. ఇరవై రెండు గొంతులు ఒక్కసారే "లాభం, రెండు, మూడు" అని అరవడం మొదలుపెట్టాయి. వాము చుట్టూ తాడు కట్టారు. పైకి కనబడే మొదళ్లు లెక్కపెట్టి, లోపల ఎన్ని వరుసలున్నాయో అత్తమ్మను అడిగి, చివరికి పదకొండు వందల ఏడు కట్టలని తేల్చారు.

అప్పటి నుంచి సోమవారాల్లో బడి మా వాకిట్లోనే. వాము నీడను, కట్టె నీడను కొలిచి ఎత్తు కనిపెట్టారు. వాన నీళ్లు లోపలికి ఎందుకు పోవో చూశారు. తెలుగు పీరియడ్‌లో అత్తమ్మ మంచం మీద కూర్చుని, తన నోటికి వచ్చిన మాటలన్నీ చెప్పి రాయించింది. వాటిలో కొన్ని మళ్లీ కొట్టేయించాల్సి వచ్చింది.

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వీడియో ఎప్పుడు తీస్తుందా అని. తియ్యలేదు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మా వర్షితకు నాలుగో తరగతి మొత్తం లెక్కల రోజున కడుపునొప్పి. జీలకర్ర నీళ్లు తాగించి, నడుముకు నూనె రాసి, దిష్టి తీసి, నేను చెయ్యని వైద్యం లేదు. వాము లెక్కలు మొదలయ్యాక ఆ నొప్పి దానంతటదే పోయింది. ఇప్పుడు దానికి ఇంట్లో ఏది కనబడినా లెక్కే. వాళ్ల బాపు అన్నం ముద్దలు కూడా లెక్కపెట్టి, "నిన్నటి కంటె నాలుగు ఎక్కువ," అని ప్రకటించేది.

రెండు వారాల తరువాత రెండోసారి లెక్కపెట్టారు. ఆ పూట అన్నాల దగ్గర వర్షిత నోట్‌బుక్ తెరిచింది.

"బాపూ, వెయ్యీ అరవై ఐదే ఉన్నయి. నలభై రెండు తక్కువొచ్చినయి."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. శివరాత్రికి ఇంకా ఇరవై ఐదు రోజులున్నాయి. వామును ఎవరూ ముట్టుకోలేదు, కనీసం ముట్టుకోలేదని అందరం అనుకుంటున్నాం.

"తప్పు లెక్కపెట్టిన్రేమో," అన్నాను.

"మూడుసార్లు లెక్కపెట్టినం. పద్నాలుగు రోజులు. నలభై రెండును పద్నాలుగుతో భాగిస్తే మూడు. రోజుకు మూడు కట్టలు పోతున్నయి."

దొంగ అన్నవాడు సందు దొరికిన రోజు మోపెడు పట్టుకుపోతాడు. రోజుకు మూడు, ఒక్కరోజు తప్పకుండా అంటే, ఇది దొంగతనం కాదు, ఏదో వ్రతం.

"ఇరవై రెండు మంది పోరగాండ్లను దోల్కొచ్చి వాము సుట్టూ తిప్పితే ఏమైతది? తలో పరక గుంజిన్రు," అన్నాడు మా ఆయన.

"పోరగాండ్లు కాదురా," అంది అత్తమ్మ, మజ్జిగ పోసుకుంటూ. "ఆ టీచరమ్మకు అత్తగారింట్ల బర్లున్నయట. నాకు మొదటి దినమే డౌటొచ్చింది."

"స్కూటీ మీద మూడు కట్టల గడ్డి ఎట్ల తీస్కపోతది, అత్తమ్మా?"

"మడతవెడితె డిక్కీల వడతయ్."

ఆమె ఎంత నమ్మకంగా చెప్పిందంటే, మడతపెట్టిన వరిగడ్డి నా కళ్ల ముందు కనబడింది. మా ఆయనకైతే నేరుగా కనబడినట్టే ఉంది. అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. మా ఊరి బడి ఏడో తరగతి దాకా ఉన్నా, ఉగాది దాటగానే వర్షితకు టీసీ తీసుకుని, పోచంపల్లి ప్రైవేటు బడిలో వేస్తాడు. పసుపు వ్యాన్ ఇంటి ముందుకే వస్తుంది, అక్కడ వృత్తం పుస్తకంలోనే ఉంటుంది, ఎవరి గడ్డీ తక్కువ కాదు.

వర్షిత నోట్‌బుక్ మూసింది. మరునాడు దానికి కడుపునొప్పి వచ్చింది.

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. గడ్డి పోతే పోయింది, ఏడాది పట్టి పోని నొప్పిని పోగొట్టిన మనిషి మీద దొంగ ముద్ర పడింది. ఆమె దొంగ కాకపోతే నాకు తెలియాలి, దొంగైతే ఇంకా ముందు తెలియాలి. అందుకని వంటింటి కిటికీ దగ్గర నా కాపలా మొదలైంది. బియ్యం ఏరినా అక్కడే, కూరగాయలు కోసినా అక్కడే.

మొదట నేను పట్టుకోవాలని చూసింది కిష్టయ్యను. మా గోడ అవతలి ఇల్లు ఆయనది. రెండేళ్లుగా మాకూ వాళ్లకూ మాటల్లేవు. మా ఆయన ట్రాక్టర్ కిరాయికి అలవాటుపడి ఎద్దులను అంగడిలో ఒక దళారికి అమ్మేశాడు. తెల్లారి చూస్తే అందులో ఒకటి, మైలోడు అని పిలిచేవాళ్లం, గోడ అవతల కిష్టయ్య కొట్టంలో కట్టేసి ఉంది. మన ఎద్దును మన కళ్ల ముందే మేపి, మనకు చేతకాలేదని ఊరందరికీ చూపించడానికే కొన్నాడని మా ఆయన నమ్మకం. పైగా ఈసారి కిష్టయ్య గడ్డి మడిలోనే వానకు తడిసి కుళ్లిపోయింది. మనిషికి అవసరం ఉంది, గోడ ఉంది, గోడకు ఇవతల వాము ఉంది. ఇంకేం కావాలి?

కానీ నాలుగు రోజులు చూసినా గోడ మీద పిల్లి తప్ప ఎవరూ దిగలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వాము చుట్టూ తిరిగాను. గోడ వైపు, నా నడుము ఎత్తులో, కట్టలు తీసిన చోటు దొరికింది. వెంటనే దొరకలేదు. ఎందుకంటే తీసినచోట బొంద, గుంట ఏదీ లేదు. పక్క కట్టలను అటు ఇటు జరిపి, వదులైన పరకలను వేళ్లతో కిందికి దువ్వి, జడ వేసినంత శ్రద్ధగా మూసేశారు. పిల్లలు గుంజితే అట్లా ఉండదు. కిష్టయ్య గుంజినా ఉండదు. టీచర్ గుంజితే చెయ్యి కోసుకుపోయేది. దొంగిలించిన తరువాత కూడా ఆ వాములోకి వాన నీళ్లు దిగొద్దని ఆలోచించే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది.

మరునాడు పొద్దున మా ఆయన పాల క్యాన్లతో వెళ్లగానే, అత్తమ్మ పేడ తట్ట ఎత్తుకుని గోడ పక్కనున్న పెంటకుప్ప వైపు నడిచింది. రోజూ నడిచేదే. రోజూ నేను చూసేదే. ఆ రోజు మాత్రం తట్ట అంచు కింద నుంచి వేలాడుతున్న గడ్డి పరకలు చూశాను. పైన పేడ, కింద గడ్డి. గోడ దగ్గర ఆమె ఒక్క నిమిషం వంగింది. అవతల నుంచి నమిలే చప్పుడు వినబడింది.

వామును కొలవొద్దని ఆమె అంత పట్టుబట్టింది బర్కతు కోసం మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది.

ఒక రహస్యం చేతికొస్తే వెంటనే ఖర్చుపెట్టే రకం కాదు నేను. పన్నెండేళ్ల కాపురంలో అత్తమ్మది ఒక్కటి నా చేతికి చిక్కింది, అది కూడా మూడు కట్టల బరువున్నది. ఆమె తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చెంబు అందించి అడిగాను.

"దొంగ దొరికిండా, అత్తమ్మా?"

"దొరుకుతడు. ఏడికి పోతడు?" అంది, నీళ్లు పోసుకుంటూ.

శివరాత్రి వచ్చింది, వాము తెరిచాం, బర్రెలకు రోజుకు నాలుగేసి కట్టల చొప్పున వేయడం మొదలుపెట్టాం. ఆ వారంలోనే మా ఆయన బడికి వెళ్లి టీసీ కావాలని కాగితం రాసిచ్చి వచ్చాడు. ఉగాది దాకా కూడా ఆగలేకపోయాడు. వర్షిత ఏడవలేదు. నోట్‌బుక్‌కు అట్ట వేసి గూట్లో పెట్టింది. అది చూశాక నా సంపద నా చేతిలో బరువెక్కింది.

మా ఆయనకు నేరుగా చెప్పొచ్చు. చెప్తే నమ్మడు. వాళ్లమ్మ మీద చెప్పానని ఇంకో గొడవ మొదలవుతుంది. అత్తమ్మను నిలదీస్తే ఆమె ఒప్పుకోదు, ఒప్పుకోకపోతే టీచరే దొంగగా మిగులుతుంది. అందుకని ఒక పని చేశాను. ఒంటిపూట బడులు మొదలైన సోమవారం పిల్లలు తమ లెక్కలన్నీ తల్లిదండ్రుల ముందు బోర్డు మీద చెయ్యబోతున్నారు. అడగదలచుకున్న ప్రశ్నలుంటే రాసి పంపమని టీచర్ ఇంటింటికీ చీటీలు పంపింది. నేను రాశాను: 'మన ఊళ్లో ఏ పశువు రోజుకు ఎన్ని కట్టలు తింటుంది? ఆ కట్టలు ఎక్కడి నుంచి వస్తాయి?' స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను.

టీచర్ చీటీ చదివి, నా ముఖం వైపు అవసరానికి మించి కొంచెంసేపు చూసింది.

"మీకు లెక్కలంటె అంత ఇష్టమా, అక్కా?"

"లేదు టీచర్. జవాబులంటె ఇష్టం."

ఆ సోమవారం బడికి మా ఆయన వచ్చాడు, టీసీ తీసుకుపోవడానికి. అత్తమ్మ వచ్చింది, తను చెప్పిన మాటలు పిల్లలు సరిగ్గా చదువుతారో లేదో చూడటానికి. కిష్టయ్య కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన మనవరాలు మల్లిక మా వర్షిత తరగతే. ఇండ్ల మధ్య మాటలు లేకపోయినా వాళ్లిద్దరూ ఒకే బెంచీ.

వర్షిత బోర్డు మీద రాసింది. ఈ రోజు వాములో ఉన్నవి ఎనిమిది వందల ఎనభై. రెండు బర్రెలకు రోజుకు ఎనిమిది. కానీ రోజుకు తగ్గుతున్నవి పదకొండు.

"చూసిన్రా, ఇంక పోతనే ఉన్నయి," అన్నాడు మా ఆయన పక్కవాళ్లతో, టీచర్‌కు వినబడేటట్టు.

టీచర్ ముఖం ఎర్రబడింది. నా చీటీ తీసి, ఆ ప్రశ్నకు మల్లికను పిలిచింది. ఆ పిల్ల తన కాగితం చూసి గడగడా చదివింది.

"మా ఇంట్ల ఒక ఎద్దు ఉన్నది. పేరు మైలోడు. రోజుకు ఐదు కట్టలు తింటది. మా తాత రెండు కట్టలు ఏస్తడు."

"మరి మిగతా మూడు?" అంది టీచర్.

మల్లిక కాగితాన్ని తిప్పి చూసింది. దాని కళ్లు మా అత్తమ్మ మీదికి పోయి, కిందికి దిగాయి. వెనక కిష్టయ్య దగ్గాడు. అత్తమ్మ ఏదో మాట జారుతుందని నేను అనుకున్నాను కానీ, ఆ ప్రశ్న ఈ పసిదాని మీద పడుతుందని అనుకోలేదు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "చెప్పు పిల్లా! యాడికెల్లి వస్తున్నయి ఆ మూడు?"

మల్లిక కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"దాన్నెందుకు బెదిరిస్తవురా?" అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "ఆ మూడు నేనేస్తున్న."

మా ఆయన వాళ్లమ్మ వైపు తిరిగాడు.

"నువ్వా?"

"నేనే. మైలోడు రోజు గోడ మీద మూతివెట్టి మన దిక్కే చూస్తడు. వాని ముందల నేను జొన్న సొప్ప మన బర్లకేసి, వామును కాపలా కాసుకుంట కూసోవాల్నా?"

"వాన్ని అమ్మినం గదనే, అమ్మా!"

"నువ్వమ్మినవ్. నన్నడిగినవా? తొలిచూరు ఆవు కడుపుల్నుంచి ఈ చేతులతోని గుంజి తీసిన వాన్ని."

"మరి టీచరమ్మ మీద ఎందుకు చెప్తివి?"

"ఇంకెవరి మీద చెప్పాలె? కోడలి మీద చెప్తె అది ఊకుంటదా?" అని నా వైపు ఒక చూపు విసిరి, టీచర్ వైపు తిరిగింది. ఆమె గొంతు తగ్గింది. "నీ స్కూటీని ఉత్తగనే బద్నాం చేసిన, బిడ్డా. తప్పు నాదే. మనసుల పెట్టుకోకు."

టీచర్ సుద్దముక్క తీసి వర్షిత చేతిలో పెట్టింది.

"దొరకని సంఖ్య దొరికింది. ఇప్పుడు చెయ్యమ్మా."

వర్షిత ఎనిమిది వందల ఎనభైని ముందు ఎనిమిదితో భాగించింది. నూటపది రోజులు. తరువాత పదకొండుతో భాగించింది. ఎనభై రోజులు. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, "మైలోనికి కూడ ఏస్తె జూన్ ఆరు తారీఖు దాకా వస్తది," అంది.

"మిర్గం ముందురోజు," అన్నాడు మా ఆయన, మృగశిర కార్తె తారీఖు తనకు తెలియకుండానే నోటికి వచ్చి. వెంటనే గొంతు పెంచాడు. "మిర్గం నాడు వాన వడంగనే గడ్డి మొలుస్తదా? పసులు మేయాలంటె ఇంక నెల గావాలె. అప్పటిదాకా బర్లకు ఏం పెడ్తవు, నీ నోట్‌బుక్కా?"

"అందుకే బాపూ, నెల తక్కువైతది. ముప్పై రోజులకు ఎనిమిది చొప్పున రెండు వందల నలభై కట్టలు. ఎనభై రోజులల్ల మైలోడు తినేటివి కూడ రెండు వందల నలభయ్యే. సరిపోయింది చూడు."

మా ఆయన బోర్డు చూశాడు. పెదవులు కదిలాయి. తనూ గుణించుకుంటున్నాడు. తప్పు దొరికితే బాగుండునని ఆయన ఎంత వెతికాడో పక్కనున్న నాకు తెలుసు.

"ఎండకాలం బర్లు ఎనిమిది తినయి," అన్నాడు చివరికి. "ఏడే తింటయి."

"అయితె ఏప్రిల్‌ల మల్ల లెక్కవెడ్త."

అప్పుడు వెనక నుంచి కిష్టయ్య మాట్లాడాడు. రెండేళ్లలో మా ఆయన వినేటట్టు ఆయన మాట్లాడటం అదే మొదలు. "నా బోరు కింద పది గుంటలు, పావెకరం, ఖాళీగున్నయి. పచ్చజొన్న ఏస్త. మే నెలాఖరుకు కోతకొస్తది. ఆ నెల దినాలకు మీ బర్లకు సగం, మైలోనికి సగం."

మా ఆయన కిష్టయ్య వైపు తిరగలేదు. వర్షితతో అన్నాడు. "అడుగు, ఇత్తనం ఎన్నడు ఏస్తడో."

"ఎన్నడు ఏస్తవు, తాతా?"

"ఈ ఆయితారం ఏస్త అని చెప్పు మీ బాపుకు."

ఇద్దరి మధ్య దూరం నాలుగడుగులు. మాట మాత్రం మా పిల్ల మీదుగా చుట్టు తిరిగి పోయింది. వర్షిత మాత్రం గూట్లోంచి మళ్లీ బయటికొచ్చిన నోట్‌బుక్ తెరిచి, "పది గుంటలకు ఎన్ని కట్టలొస్తయి?" అని అడిగింది. కిష్టయ్య తలగోక్కున్నాడు. అరవై ఏళ్లలో ఆయన ఎన్నడూ లెక్కపెట్టలేదట.

అందరూ వెళ్తుంటే టీచర్ మా ఆయన దగ్గరికి వచ్చింది. చేతిలో ఆయన రాసిచ్చిన కాగితం ఉంది.

"టీసీ సంగతి ఏం చెయ్యమంటరు, అన్నా?"

ఆయన ఆ కాగితం వైపు చూడకుండా కిటికీ వైపు చూశాడు. క్షమించమని అడిగే అలవాటు మా ఇంట్లో మగవాళ్లకు లేదు. ఆ పని అప్పటికే వాళ్లమ్మ చేసింది కాబట్టి తనకు అవసరం లేదని కూడా అనుకుని ఉంటాడు.

"మిర్గం దాక ఆగుండ్రి. గీ పిల్ల లెక్క నిజమైతదో కాదో చూడాలె గద. ఇప్పుడు తీస్కపోయి ఇంకో బడిల ఏస్తే, ఏప్రిల్‌ల కట్టలెవరు లెక్కవెడ్తరు?"

"సరె అన్నా. మిర్గం దాక," అని టీచర్ కాగితాన్ని బల్ల సొరుగులో పెట్టింది.

ప్రైవేటు బడిలో సీట్లు మే నెలాఖరుకే నిండిపోతాయని, ఆ తరువాత ఎవరినీ చేర్చుకోరని పసుపు వ్యాన్ డ్రైవర్ నాకు కిందటి వారమే చెప్పాడు. మా ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.